కనుబొమ పైన గీత

"ఆ బడి గడప ఇక తొక్కేది లేదు," అంటూ మాస్టరమ్మ కత్తెరను బల్ల మీద పడేసింది. ముప్పై ఏళ్ళుగా ఆ కత్తెరను పసిబిడ్డను పడుకోబెట్టినట్టు పెట్టే మనిషి. దుకాణంలో రెండు కుట్టు మిషన్లూ ఒక్కసారే ఆగిపోయాయి.

"ఒకే బెంచీ మీది ముగ్గురికట. వారం దాటాక కబురు చెబుతారా? చొక్కా చెయ్యి అరంగుళం పొడుగైతే మాత్రం అరగంటలో మనిషి గుమ్మంలో ఉంటాడు."

చొక్కాల మూటతో అప్పుడే లోపలికి అడుగుపెట్టిన కాజాలమ్మకు ఏమీ అంతుపట్టలేదు. దుకాణం వియ్యపురాలిది. గుండీలకు కాజాలు కుట్టే పని మాత్రం ఆ వియ్యం కుదరక ముందు నుంచీ కాజాలమ్మదే. ఆ పనితోటే రెండిళ్ళకూ రాకపోకలు, రాకపోకలతోటే పెళ్ళి. అల్లుడు ఒక మిషను ముందున్నాడు, కూతురు రెండో మిషను ముందుంది.

"ఏమైంది వదినగారూ?"

"ఆటలమ్మ. మీ అమ్మాయినే అడగండి. ఆ మూడో పిల్లను ఒళ్ళో కూర్చోబెట్టుకుని మరీ కొలతలు తీసిందట."

కూతురు నవ్వింది. నవ్వుతూనే పళ్ళతో దారం తెంపింది. "నిలబడనంటే ఏం చెయ్యను అత్తయ్యా? యూనిఫాం కొలతలకు నలభై మూడుమంది వరసలో ఉన్నారు. ఆ పిల్ల తూలిపోతోంది. ఒళ్ళో వేసుకుంటే మెడ చుట్టూ చేతులు వేసి భుజం మీద తల పెట్టేసింది. చాతీ, చెయ్యి, పొడవు అన్నీ నిద్రలోనే ఇచ్చింది. ఒళ్ళు వెచ్చగా తగిలింది గానీ పిల్లల ఒళ్ళు ఎప్పుడూ వెచ్చగానే ఉంటుంది కదా అనుకున్నాను."

"ఎప్పుడిది?"

"పోయినవారం సోమవారం. బుధవారానికి ఆ పిల్లకు పొక్కులు లేచాయట."

కాజాలమ్మ మూట దించలేదు. కూతురికి నాలుగో నెల. నిరుడు రెండో నెలలోనే చేతికి దక్కకుండా పోయింది. ఈసారి మూడు నెలలు నిండేదాకా ఇంట్లో ఎవరూ ఆ మాట పైకి అనలేదు. ఊయల గుడ్డ కొలత అడిగిన వాళ్ళను కూడా మాస్టరమ్మ కసిరి పంపింది.

"నువ్వలా తెల్లబోకు అమ్మా," అంది కూతురు. "నిన్ననే డాక్టరమ్మకు చూపించుకున్నాం. చిన్నప్పుడు వచ్చిన వాళ్ళకు ఇక భయం లేదంది."

"చూపించింది నేను," అంది మాస్టరమ్మ. "ఆవిడ నోరు తెరవగానే చెప్పాను. మా కోడలికి పసితనంలోనే పోసింది, ఇదిగో గుర్తు, అని కనుబొమ ఎత్తి మరీ చూపించాను. నమ్మకంగా తెలిస్తే పరీక్షలెందుకు, వెళ్ళిరండి అంది."

అల్లుడు నూనెచుక్క వేస్తూ తల ఎత్తాడు. "రాని వాళ్ళకైతే పెద్ద తతంగమేనట అత్తయ్యగారూ. రక్తం చూడాలట. రక్షణ లేదని తేలితే పది రోజుల్లోపు ఇంజక్షన్ పడాలట. పది దాటితే అది వేసినా ఒకటే, వెయ్యకపోయినా ఒకటేనట. మనకా బెడద తప్పింది."

కాజాలమ్మ మనసు తనకు తెలియకుండానే లెక్క పెట్టుకుంది. పోయినవారం సోమవారం. ఇవాళ బుధవారం. తొమ్మిది రోజులు.

రేపటితో సరి.

*

కాజాలు కుట్టిన చొక్కాలను ఒక్కొక్కటే తీసి బల్ల మీద పరిచింది. చేతులు వాటి పని అవి చేస్తున్నాయి.

ఆ మచ్చ ఆటలమ్మ మచ్చ కాదు. ఆ సంగతి తెలిసిన మనుషులు ఇద్దరే. రెండో మనిషి, భర్త, పోయి ఆరేళ్ళయింది.

అప్పుడు పిల్లకు రెండున్నరేళ్ళు. రెండు రోజులుగా జ్వరం. తను కిటికీ దగ్గర కూర్చుని అరడజను చొక్కాలకు కాజాలు ముగిస్తోంది. వెనకనుంచి అడుగుల చప్పుడు వచ్చింది, ఆగింది. తిరిగి చూసేసరికి పిల్ల కళ్ళు పైకి తేలిపోయి, ఒళ్ళు కర్రలా బిగిసి, మిషను ఇనప తొక్కుడు పలక అంచు మీదికి ఒరిగిపోయింది. కనుబొమ పైన అంగుళం మేర చీరుకుంది. భర్త ఎత్తుకుని పరుగెత్తాడు. "జ్వరం తలకెక్కితే కొందరు పసివాళ్ళకు ఇలా వస్తుంది, ఎదిగాక ఉండదు," అన్నాడు కుట్లు వేసిన డాక్టరు.

డాక్టరు మాట డాక్టరు గదిలోనే ఉండిపోతుంది. బయట మనుషుల మాట నడుస్తుంది. భర్త అక్కను నలభై ఏళ్ళు "ఆ మూర్ఛది" అని తప్ప పేరు పెట్టి పిలిచిన వాళ్ళు లేరు. ఆవిడకు పెళ్ళి కాలేదు. పొయ్యి దగ్గరికి కూడా రానివ్వలేదు. ఆవిడ చేసిన తప్పల్లా పదేళ్ళ వయసులో ఒకసారి బావి దగ్గర పడిపోవడం.

అదృష్టమో దురదృష్టమో, ఆ నెలలో వీధి వీధంతా ఆటలమ్మ తిరుగుతోంది. కాజాలమ్మ పది రోజులు తలుపు వేసుకుంది. పదకొండో రోజున తలుపు తీసి, పిల్లకు పోసి తగ్గిందని చెప్పింది. ఎవరూ మారు మాట అడగలేదు.

గుడ్డలో కాజా కోసేశాక ఇక వెనక్కి పోవడం ఉండదు. కోసిన అంచుల పోగులు ఊడకుండా చుట్టూ కుట్టుకుంటూ రావడమే. ఆవిడ ఇరవై నాలుగేళ్ళు కుట్టుకుంటూ వచ్చింది. కుట్టు ఎంత గట్టిపడిందంటే, ఒక్కోసారి ఆ పొక్కులు తన కళ్ళకే కనిపించేవి.

"వదినగారూ," అంది కాజాలమ్మ, చొక్కా మడత సరిచేస్తూ. "ఎందుకైనా మంచిది. ఆ రక్తమేదో చూపిస్తే ఏం పోయింది?"

"చూపించడానికేం ఉంది? రక్షణ ఉన్నదే కదా."

"ఉన్నా సరే. మన తృప్తికి."

"మన తృప్తికి ఆ పిల్లకు సూదులు గుచ్చాలా? అసలే చెయ్యి చూస్తే పుల్లలా ఉంది." మాస్టరమ్మ సుద్ద అందుకుంది. "మీకు ఈ మధ్య భయాలు ఎక్కువయ్యాయి. నిన్నగాక మొన్న మిషను తొక్కొద్దన్నారు. అంతకుముందు మెట్లు ఎక్కొద్దన్నారు. రేపు గాలి పీల్చొద్దంటారు."

"అది కాదు..."

"అమ్మది ఎప్పుడూ ఇంతే అత్తయ్యా," అంది కూతురు. ఆ గొంతులో ముద్దే ఉంది. "నాకు పోసినప్పుడు పది రోజులు ఒళ్ళోంచి కింద పెట్టలేదట. గోక్కోకుండా రెండు చేతులకూ గుడ్డ సంచులు కుట్టి తొడిగిందట. ఆ సంచులకు కూడా కాజాలు, గుండీలు. ఊడదీసుకోలేక నేను పళ్ళతో కొరికేదాన్నట. కదమ్మా?"

అల్లుడు నవ్వాడు. మాస్టరమ్మ కూడా పెదవి చివర నవ్వింది. "కాజాలమ్మ కూతురికి రోగమొచ్చినా గుండీలు ఉండాల్సిందే."

కాజాలమ్మకు ఆ సంచులు గుర్తున్నాయి. నీలం గీతల గుడ్డ. తెల్ల గుండీలు. అవి ఎప్పుడూ లేవు. అయినా గుర్తున్నాయి.

"అవి చెప్పిన మాటలు," అంది.

"ఏంటి?"

"సంచులు. అవి నేను చెప్పిన మాటలు చిన్నీ. కుట్టలేదు."

"పోనీలే, కుట్టకపోతే ఏం."

"పొయ్యలేదు నీకు."

బయట ఎవరో సైకిలు స్టాండు వేసి, "మాస్టరమ్మగారూ, నా ప్యాంటు..." అంటూ గుమ్మంలో తల పెట్టారు.

"రేపు," అంది మాస్టరమ్మ తల తిప్పకుండా.

"ఇవాళ అన్నారు కదండీ."

"రేపు అన్నాను."

ఆ తల వెళ్ళిపోయింది. అల్లుడు లేచి షట్టరు నడుం దాకా దించాడు. దుకాణంలో వెలుగు నేల మీదికి జారింది. మనుషుల కాళ్ళు కనిపిస్తున్నాయి గానీ ముఖాలు సరిగ్గా ఆనడం లేదు. కాజాలమ్మకు అదే మేలనిపించింది. చెప్పింది. జ్వరం, తేలిపోయిన కళ్ళు, ఇనప పలక అంచు, మూడు కుట్లు. చెబుతున్నంతసేపూ చొక్కా కాలరు మీద లేని నలకను గిల్లుతూనే ఉంది.

"మూర్ఛా?" అన్నాడు అల్లుడు.

"జ్వరానికి వచ్చేది బాబూ. మూర్ఛ కాదు. ఆ డాక్టరే చెప్పాడు."

"మరి ఆ మాటే చెప్పొచ్చుగా అత్తయ్యగారూ. జ్వరానికి వచ్చిందనే."

"చెబితే మీరు వినేవాళ్ళా?"

అతను జవాబు చెప్పలేదు. ఆ చెప్పకపోవడంలో అబద్ధం లేదు. అందుకు కాజాలమ్మకు అతని మీద గౌరవమే కలిగింది.

కూతురు మాత్రం వేలితో కనుబొమ తడుముకుంటోంది. ఆ చివరనుంచి ఈ చివరకు. మళ్ళీ ఈ చివరనుంచి ఆ చివరకు. ఎవరిదో ముఖం తడుముతున్నట్టుంది.

"అత్తయ్యా, మీరేమీ అనరేం?" అంది చివరకు.

మాస్టరమ్మ బల్ల అంచున రెండు చేతులూ ఆనించి నిలబడి ఉంది. కాజాలమ్మ పిడుగు కోసం కాచుకుంది. మోసం, నమ్మకద్రోహం, పెళ్ళి, గుట్టు... ఏ మాట ముందొస్తుందో అని చెవులు రిక్కించింది.

"ఆటలమ్మ మచ్చ గుండ్రంగా ఉంటుంది," అంది మాస్టరమ్మ. "గుంట పడుతుంది. ఇది గీత. రెండు పక్కలా కుట్టు దిగిన చుక్కలు కూడా ఉన్నాయి. ఎవరు వేశారో గానీ దారం కాస్త బిగించాడు."

"మీకు తెలుసా?" అంది కూతురు.

"గుడ్డ మీద కుట్టు చూసి చెప్పగలను, ఒంటి మీద కుట్టు చూసి చెప్పలేనా? సంబంధం మాట్లాడటానికి మీ ఇంటికి వచ్చిన రోజే చూశాను. మీ అమ్మ టీ ఇస్తూ, నేను అడక్కముందే, అది ఆటలమ్మ మచ్చండీ అంది. అడక్కుండా చెప్పేది ఎప్పుడూ నిజం కాదు."

"మరి అప్పుడే అడగొచ్చుగా అమ్మా," అన్నాడు కొడుకు.

"అడిగితే చెప్పేది. చెబితే నేను లేచి రావాల్సి వచ్చేది, లేదా ఇంకో అబద్ధం వినాల్సి వచ్చేది." మాస్టరమ్మ కోడలి వైపు చూడకుండా అంది. "లేచి రావడం నాకు ఇష్టం లేకపోయింది. ఆ రోజు నువ్వు మీ ఇంట్లో ఎవరిదో పిల్లకు గౌను కొలత తీస్తున్నావు. టేపు ఒంటికి తగిలీ తగలనట్టు పట్టావు. అలా పట్టే చెయ్యి వెయ్యిమందిలో ఒకటి ఉంటుంది."

"సరే. నిన్న డాక్టరమ్మ అడిగినప్పుడో?" అంది కూతురు.

మాస్టరమ్మ మాట కోసం తడుముకోవడం ఆ దుకాణం గోడలకే కొత్త.

"నాలుగేళ్ళుగా అందరికీ అదే చెబుతున్నాను," అంది నెమ్మదిగా. "మా ఆడబిడ్డ అడిగితే అదే చెప్పాను. ఆవిడ తోడికోడలు అడిగితే అదే చెప్పాను. నిన్నా అదే వచ్చింది నోట్లోంచి. వచ్చాక, అది నిజం కాదు కదా అని గుర్తుకే రాలేదు. ఒట్టు."

కాజాలమ్మకు ఆ మాట అందరికంటే ముందు అర్థమైంది. ఎందుకంటే ఆవిడకు ఆ నీలం గీతల సంచులు ఇప్పటికీ కళ్ళముందే ఉన్నాయి.

కూతురు లేచింది. కొంగు దులుపుకుంది. ఏడుస్తుందేమో అనుకున్నారు, ఏడవలేదు. గోడకున్న గడియారం చూసింది. పదకొండున్నర.

"ఆస్పత్రిలో ఒంటిగంట దాకానే రక్తం తీస్తారు. ఏమండీ, బండి తియ్యండి." షట్టరు కిందనుంచి వంగబోయి, తమాయించుకుని, భర్త పూర్తిగా ఎత్తేదాకా ఆగింది. అప్పుడు వెనక్కి తిరిగింది. "మీరిద్దరూ వస్తే రండి. కానీ డాక్టరమ్మ అడిగినదానికి నా బదులు ఇంకెవరూ జవాబు చెప్పొద్దు."

*

డాక్టరమ్మ తిట్టలేదు. తిడితే బాగుండేదనిపించింది కాజాలమ్మకు.

ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుని, నిన్నటి చీటీ మీద రాసిన ఒక వాక్యాన్ని కొట్టేసింది. "రాలేదని తెలిసినంత మాత్రాన రక్షణ లేదని కాదమ్మా. పొక్కులు కనిపించకుండానే వచ్చి పోయినవాళ్ళు చాలామంది ఉంటారు. రక్తం చెబుతుంది. నాలుగు గంటలకల్లా తెలుస్తుంది."

"లేదని తేలితే?" అంది కూతురు.

"ఇంజక్షన్. అది మా దగ్గర ఉండదు. పెద్దాస్పత్రిలో ఉందేమో ఇప్పుడే కనుక్కుంటాను. మీ ఆయన వెళ్ళి అక్కడ కాచుకుని కూర్చోవాలి. రేపటిదాకా టైముంది కదా అని ఇంటికి పోయి పడుకోవద్దు."

"పాపకు...?" కూతురికి ఆ మాట వరకే వచ్చింది.

"ఈ నెలల్లో తల్లికి సోకితే, వందలో ఒకరిద్దరు పిల్లలకు దెబ్బ తగులుతుంది. మిగతావాళ్ళకు ఏమీ కాదు. నాకు నీ గురించి కూడా బెంగే. గర్భంతో ఉన్నవాళ్ళకు అది ఊపిరితిత్తుల్లోకి దిగితే తేలిగ్గా వదలదు."

ఒకరిద్దరు. బియ్యంలో రాయిలాంటి మాట. గిన్నెడు బియ్యంలో ఒకటే ఉన్నా, ప్రతి ముద్దా భయంగానే నమలాలి.

"ఫిట్స్ సంగతి చెప్పావు. ఎన్నిసార్లు వచ్చాయి?" డాక్టరమ్మ కలం ఎత్తింది.

అడిగింది కూతుర్ని. కాజాలమ్మ పెదవులు కదిలాయి. దుకాణంలో పడిన ఆంక్ష గుర్తొచ్చి ఆగిపోయింది.

"ఒక్కసారట," అంది కూతురు. డాక్టరమ్మ రాసుకుంది.

నర్సు రక్తం తీసింది. తీశాక కూతుర్ని బయట హాల్లో కూర్చోనివ్వలేదు. "నీకు తగిలి ఎనిమిది రోజులు దాటింది కదమ్మా. ఒకవేళ నీలో ఉంటే ఇక ఇంకొకళ్ళకు అంటుకునే రోజులు. ఆ హాల్లో ఉన్న వాళ్ళంతా నీలాంటి వాళ్ళే." మెట్ల పక్కన పాత తూకం మిషనూ, విరిగిన స్ట్రెచరూ పెట్టిన చిన్న గది చూపించింది. "మీరిద్దరూ?"

"మాకు చిన్నప్పుడే పోసింది," అంది మాస్టరమ్మ. అని, ఒక్క క్షణం ఆగి, చేతి మీది గుండ్రటి మచ్చ చూపించింది. "ఇది నిజమే."

నర్సుకు ఆ మాట ఎందుకో అర్థం కాలేదు. కూతురి పెదవుల మీద నవ్వు వచ్చినట్టే వచ్చి పోయింది.

అల్లుడు పెద్దాస్పత్రికి వెళ్ళిపోయాడు. ముగ్గురాడవాళ్ళూ మూడు మూలల్లో కూర్చున్నారు. కిటికీలోంచి హాల్లోని గర్భిణులు కనిపిస్తున్నారు. ఒకామె ఒళ్ళోకి ఎక్కే బిడ్డను దించుతూ, దిగే బిడ్డను ఎక్కించుకుంటూ కూర్చుని ఉంది. కూతురు చాలాసేపు వాళ్ళనే చూసింది.

"నా వల్ల నిన్న ఆ హాల్లో ఎవరికైనా అంటి ఉంటే?" అంది.

మాస్టరమ్మ లేచి కిటికీ తలుపు దగ్గరగా వేసింది.

రెండయింది. మాస్టరమ్మ వెళ్ళి మూడు గ్లాసుల టీ తెచ్చింది. కోడలికి ఇచ్చింది, వియ్యపురాలికి ఇచ్చింది. ఇస్తూ, "చక్కెర తక్కువ వేయించాను, మీరు తాగరు కదా," అంది. దుకాణంలో అంత జరిగాక వాళ్ళిద్దరి మధ్య మొదటి మాట అదే. కాజాలమ్మ గ్లాసు తాగకుండా పక్కన పెట్టింది.

"వదినగారూ, మీరు నన్ను తిట్టలేదు."

"తిడతాను. ఇవాళ కాదు. ఇవాళ తిడితే సగం నాకే తగులుతుంది."

మూడున్నరకు కూతురు కళ్ళు మూసుకుని గోడకు తల ఆనించింది. నిద్రపోయిందనుకుని కాజాలమ్మ తన శాలువా తీసి కప్పబోయింది.

"ఒద్దమ్మా," అంది కళ్ళు తెరవకుండానే. "నేను చిన్నప్పుడు ఎక్కడన్నా పడితే నువ్వు పరుగెత్తుకొచ్చి ముందు కళ్ళలోకి చూసేదానివి. దెబ్బ చూసేదానివి కాదు. మోకాలు రక్తం కారుతుంటే కళ్ళెందుకు చూస్తుందా అనుకునేదాన్ని. అంత ప్రేమ అనుకునేదాన్ని."

"ప్రేమే చిన్నీ."

"ప్రేమ కాదనలేదు."

అప్పుడే తలుపు తోసుకుని నర్సు వచ్చింది. చేతిలో అంటించిన కవరు. "రిపోర్టు వచ్చింది. డాక్టరమ్మ పురుడు పోస్తోంది, పది నిమిషాల్లో వస్తుంది. మీరు విప్పి చూసుకుంటే చూసుకోండి." కవరు కూతురి ఒళ్ళో పెట్టి వెళ్ళిపోయింది.

మాస్టరమ్మ లేచి నిలబడింది. కూతురు కవరు విప్పలేదు. దాని మీద అరచెయ్యి బోర్లించింది, గాలికి ఎగిరిపోకుండా అన్నట్టు.

"ఇందులో ఏముందో పది నిమిషాలు ఆగినా మారదు," అంది. "నేను లోపల ఒక్కసారి అని రాయించాను. నువ్వు చెప్పిన మాటే కదా అని రాయించాను. అప్పుడు నీ నోరు కదిలింది. నేను చూశాను."

కాజాలమ్మ వియ్యపురాలి వైపు చూసింది. ఇరవై నాలుగేళ్ళ అలవాటు గొంతు దాకా వచ్చింది. అవును, ఒక్కసారే, అనడానికి ఒక్క ఊపిరి చాలు. ఆ ఊపిరితో ఈ గదిలోంచి బయటపడవచ్చు. మాస్టరమ్మ ఈసారి అనుమానపడదు. పడినా అడగదు. తనలాగే అదీ మోస్తుంది.

"ఒక్కసారేనా అమ్మా?"

"కాదు," అంది కాజాలమ్మ.

మాస్టరమ్మ మళ్ళీ కూర్చుంది. బయట హాల్లో ఎవరిదో బిడ్డ నవ్వుతోంది. కూతురి చెయ్యి కవరు మీద అలాగే ఉంది. వేళ్ళు మాత్రం కాస్త ముడుచుకున్నాయి.

"ఆఖరుసారి ఎప్పుడమ్మా?"